గీత మనది, తాళం వాళ్ళది

ఒక చిన్న ఊహ. మీరు ఐదేళ్ళుగా రాసిన కోడంతా ఒకే ఒక్క ఎడిటర్లో తెరుచుకుంటుంది. ఆ ఎడిటరుకి ఏటా అద్దె కట్టాలి. అద్దె ఆపేస్తే కోడు మీ డిస్కులోనే ఉంటుంది, మీరు మాత్రం అందులో ఒక్క లైను కూడా మార్చలేరు. పక్క టీమువాళ్ళు కొత్త వెర్షనుకి మారితే వాళ్ళు పంపిన ఫైలు మీ దగ్గర తెరుచుకోదు. వేరే ఎడిటరుకి పోదామనుకుంటే సోర్సు రాదు, కంపైలైన బైనరీ మాత్రం పట్టుకెళ్ళొచ్చు.

ఇలాంటి చోట మనలో ఎవరైనా పనిచేస్తామా? రెండో రోజుకే ఎవడో ఒకడు రాత్రంతా కూచుని ఆ ఫైలు ఫార్మాట్ విప్పి గిట్‌హబ్‌లో పెట్టేస్తాడు. కానీ మెకానికల్, సివిల్ ఇంజినీర్లు దశాబ్దాలుగా అచ్చం ఇలాగే బతుకుతున్నారు. దాన్ని వింతగా అనుకోవడం కూడా మానేశారు.

నేను మెకానికల్ చదివి సాఫ్టువేరులో పడ్డవాణ్ణి. మనలో ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కలు అక్కర్లేదు, మీ సీటు చుట్టూ ఒకసారి చూస్తే చాలు :) మొదటి సంవత్సరంలో మినీ డ్రాఫ్టరు, డ్రాయింగు షీట్ల గొట్టం భుజాన తగిలించుకుని బస్సెక్కిన బ్యాచి మాది. ఆ తర్వాత అవే గీతలు క్యాడ్ ల్యాబులో మౌసుతో గీశాం. నాలుగేళ్ళలో చాలానే నేర్పారు గానీ "ఈ ఫైలు పదేళ్ళ తర్వాత ఎవడు తెరుస్తాడు?" అని ఒక్కరూ అడగలేదు. అమీర్‌పేటలో కోచింగు సెంటర్ల సంగతీ అంతే. బోర్డుల నిండా ఆటోకాడ్, కాటియా, క్రియో, సాలిడ్‌వర్క్స్ అని పేర్లుంటాయి. డిజైను అంటే ఏమిటో నేర్పుతామని బోర్డు పెట్టినవాడు నాకింతవరకూ కనబడలేదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. డిజైను సాఫ్టువేరు ఎంచుకునేటప్పుడు అందులో ఏమేం ఉన్నాయో చూడ్డానికి ముందు, అందులోంచి బయటికి ఎలా రావాలో చూడాలి. గీసినవాడు తన గీతని పట్టుకుని బయటికి రాలేకపోతే, అది అతని గీత కాదు.

అసలు విషయంలోకి వెళ్ళేముందు కొంచెం చరిత్ర.

కంప్యూటరు తెర మీద బొమ్మ గీయడం 1963లో ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్‌తో మొదలైందని అందరూ చెప్పుకునేదే. ఆ తర్వాత దాదాపు ఇరవయ్యేళ్ళు అది కార్ల కంపెనీలకీ, విమానాల కంపెనీలకీ మాత్రమే అందే వ్యవహారం. మామూలు ఇంజినీరు బల్ల మీదకి తెచ్చిన ఘనత ఆటోడెస్క్‌దే. 1982లో జాన్ వాకర్, ఆయన మిత్రులు కలిసి కంపెనీ పెట్టారు. అదే ఏడాది పీసీ మీద నడిచే ఆటోకాడ్‌ని సుమారు వెయ్యి డాలర్లకి అమ్మకానికి పెట్టారు. ఆటోడెస్క్‌ని తిట్టడం తేలిక. ఆ మేలు చెప్పకుండా తిడితే మాత్రం అన్యాయం.

ఇంకో సంగతి. ఆటోకాడ్ మొదటి వెర్షనులోనే డీఎక్స్ఎఫ్ అనే ఫార్మాట్ ఉంది. వేరే ప్రోగ్రాములు కూడా ఈ బొమ్మని చదువుకోవాలని దాని వివరాలు వాళ్ళే బయటపెట్టారు. అంటే తలుపు తెరిచి పెట్టడం తెలియని వాళ్ళేం కాదు. కానీ రోజువారీ పనంతా నడిచే డీడబ్ల్యూజీ ఫైలు వివరాలు మాత్రం ఇవ్వలేదు. ప్రపంచంలో భవనాలు, రోడ్లు, పైపులైన్ల గీతల్లో పెద్ద భాగం చేరింది ఆ ఫైల్లోకే.

1998లో కొన్ని కంపెనీలు కలిసి ఓపెన్ డీడబ్ల్యూజీ అలయన్స్ పెట్టుకున్నాయి (తర్వాత ఓపెన్ డిజైన్ అలయన్స్ అయింది). వాళ్ళ పని డీడబ్ల్యూజీని విప్పి చదవగల లైబ్రరీలు తయారుచేయడం. ఆటోకాడ్ 2007 వచ్చేసరికి ఆటోడెస్క్ ఒక కొత్త పద్ధతి పెట్టింది. ఫైలు లోపల "ఇది ఆటోడెస్క్ అప్లికేషనుతో సేవ్ అయిన నమ్మదగ్గ డీడబ్ల్యూజీ" అనే అర్థం వచ్చే ఒక వాక్యం ఉంటుంది. అది లేకపోతే ఫైలు తెరిచినవాడికి హెచ్చరిక వస్తుంది. అలయన్స్ లైబ్రరీలు ఆ వాక్యాన్ని కూడా రాయడం మొదలుపెట్టేసరికి 2006 నవంబరులో ఆటోడెస్క్ కోర్టుకెళ్ళింది. ఏమని? కాపీ చేశారని కాదు, మా ట్రేడ్‌మార్కుని వాడారని! 2007లో రాజీ అయింది, అలయన్స్ ఆ కోడు తీసేసింది. డీడబ్ల్యూజీ అన్న మూడక్షరాలనే ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోవాలని కూడా ఆటోడెస్క్ ప్రయత్నించింది గానీ, అమెరికా పేటెంటు, ట్రేడ్‌మార్కుల ఆఫీసు ఒప్పుకోలేదు. అన్నట్టు, 2020లో ఆటోడెస్క్ అదే అలయన్స్‌లో తనూ సభ్యురాలైంది. కోర్టుకీడ్చిన ఇంటికే వియ్యానికి వెళ్ళినట్టు :)

ఇదంతా రెండు కొలతల గీతల గొడవ. మూడు కొలతల దగ్గరికొస్తే ఇంకో మెట్టు కష్టం.

1988లో పీటీసీ అనే కంపెనీ ప్రో-ఇంజినీర్ తెచ్చింది (మన సీనియర్లు ప్రో-ఇ అనేది దీన్నే, ఇప్పుడు క్రియో). అప్పట్నుంచి త్రీడీ మోడలంటే వట్టి ఆకారం కాదు. ముందు ఈ చతురస్రం గీశాను, దాన్ని 20 మిల్లీమీటర్లు లేపాను, ఇక్కడ 8 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టాను, మూలని గుండ్రం చేశాను అని వరుసగా జ్ఞాపకం పెట్టుకునే చిట్టా. పొద్దున 20ని 25 చేస్తే మిగతావన్నీ వాటంతటవే జరుగుతాయి. ఇంజినీరు బుర్రలో ఉన్నది, అంటే ఏ కొలత దేని మీద ఆధారపడాలి అన్నది, అసలు డిజైను. అది ఉండేది ఆ చిట్టాలోనే.

ఒక సాఫ్టువేరులోంచి ఇంకో సాఫ్టువేరులోకి మోడల్ని పంపడానికి స్టెప్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 10303, 1994లో మొదటి భాగాలు వచ్చాయి. మంచి ప్రమాణమే, అందరూ వాడతారు. కానీ మామూలుగా స్టెప్‌లో వెళ్ళేది ఆకారం మాత్రమే, చిట్టా వెళ్ళదు. అవతలివాడికి జాడీలో ఆవకాయ అందుతుంది గానీ పాళ్ళు అందవు. తినొచ్చు, వడ్డించొచ్చు. వచ్చే ఏడాది కారం కాస్త తగ్గించి మళ్ళీ పెట్టమంటే మాత్రం తెల్లమొహమే. మన భాషలో బైనరీ వచ్చింది, సోర్సు రాలేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. సాలిడ్‌వర్క్స్ దస్సో వాళ్ళది. దాని కింద జ్యామితి లెక్కలన్నీ చేసే కెర్నెల్ పారాసాలిడ్. అది సీమెన్స్‌ది. సీమెన్స్ సొంత సాఫ్టువేర్లు ఎన్ఎక్స్, సాలిడ్ ఎడ్జ్ కూడా ఆ పారాసాలిడ్ మీదే నడుస్తాయి. అంటే మార్కెట్లో కొట్టుకునే రెండు కంపెనీల సాఫ్టువేర్లకి లోపల గుండె ఒకటే. అయినా చిట్టా దగ్గరికొచ్చేసరికి ఒకరి ఫైలు ఇంకొకరికి పరాయి భాష. కాబట్టి ఇది కేవలం గణితం కష్టమై వచ్చిన అడ్డు కాదు. చిట్టా ఎవరిది వాళ్ళకి వేరుగా ఉంటుంది, నిజమే, మార్చడం కష్టమే. కానీ దాన్ని తేలిక చేయాల్సిన అవసరం అమ్మేవాడికి ఏముంది? కష్టంగా ఉన్నన్నాళ్ళే మనం కదలం.

దీనికి మూల్యం ఎంతవరకూ వెళ్ళగలదో చూడాలంటే ఎయిర్‌బస్ ఏ380 కథ చూడాలి. ఒక్కో విమానంలో దాదాపు 530 కిలోమీటర్ల వైరు ఉంటుందని చెప్తారు. ముక్కలు జర్మనీ, ఫ్రాన్సు, బ్రిటన్, స్పెయిన్లలో తయారై తూలూజ్‌లో అతుక్కోవాలి. జర్మనీ, స్పెయిన్ బృందాలు కాటియా నాలుగో వెర్షనులో, ఫ్రాన్సు, బ్రిటన్ వాళ్ళు ఐదో వెర్షనులో పనిచేశారు. ఒకే కంపెనీ, ఒకే పేరు, రెండు వెర్షన్లు. నాలుగుకీ ఐదుకీ మధ్య మార్పు మామూలు అప్‌గ్రేడ్ కాదు, దాదాపు కొత్త సాఫ్టువేరే. హాంబర్గ్ నుంచి వచ్చిన భాగాల్లో వైర్లు తీరా బిగించబోతే చాల్లేదు, పొట్టి అయిపోయాయి. ఇదొక్కటే కారణం అంటే తప్పు, మేనేజ్‌మెంటు తగాదాలు కూడా బోలెడున్నాయి. కానీ ఆలస్యం సంగతి 2006 జూన్లో ప్రకటించగానే మాతృసంస్థ ఈఏడీఎస్ షేరు ఒక్కరోజులో 26 శాతం పడిపోయింది. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్ చేతికొచ్చేసరికి 2007 అక్టోబరు అయింది, దాదాపు రెండేళ్ళ ఆలస్యంతో.

ఎయిర్‌బస్ అంటే పెద్ద ఏనుగు, తట్టుకుంది. చిన్నవాళ్ళ సంగతి?

మా బాబాయికి బాలానగర్లో చిన్న వర్క్‌షాపుంది. రెండు సీఎన్‌సీ మిషన్లు, ఆరుగురు మనుషులు. కంపెనీలకి జిగ్గులు, ఫిక్స్చర్లు చేసిస్తాడు. డ్రాయింగుబోర్డు మీద పెన్సిలుతో మొదలుపెట్టిన మనిషి. కస్టమర్లు అడుగుతున్నారని పదేళ్ళ కిందట త్రీడీలోకి మారాడు. ఏ సాఫ్టువేరో ఇక్కడ అనవసరం. ఏడాదికింతని కడుతూ వచ్చాడు. 2020లో లాక్‌డౌను వచ్చి ఆర్డర్లు ఆగిపోయాక మొదట ఆపిన ఖర్చుల్లో అదొకటి. మిషన్లకి కిస్తీలు కట్టాలా, పడుకున్న కంప్యూటరుకి అద్దె కట్టాలా? ఎవరైనా అదే చేస్తారు.

ఏడాది తిరిగాక ఒక పాత కస్టమరు ఫోన్ చేశాడు. 2018లో చేసిన ఫిక్స్చరే మళ్ళీ కావాలి, ఒక బెజ్జం నాలుగు మిల్లీమీటర్లు జరపాలి, అంతే. పది నిమిషాల పని. ఫైలు కంప్యూటర్లోనే ఉంది. ఉచితంగా ఇచ్చే వ్యూయర్లో కనిపిస్తోంది, చుట్టూ తిప్పి చూడొచ్చు కూడా. జరపడం మాత్రం కుదరదు. డీలరుని అడిగితే పాత బాకీ, ఆలస్యపు రుసుము, కొత్త ఏడాది చందా కలిపి ఒక అంకె చెప్పాడు. అది ఆ ఆర్డరు విలువ కంటే ఎక్కువ.

అప్పుడు నాకు ఫోన్ చేశాడు. "ఏరా, నువ్వు సాఫ్టువేరోడివి గదా. నా బీరువా, నా కాయితాలు. తాళంచెవి ఎవడి దగ్గరో ఉండడమేంట్రా?"

నా దగ్గర జవాబు లేదు. "అది లైసెన్సు బాబాయ్, మనం కొన్నట్టు కాదు" అన్నాను. చట్టప్రకారం అదే నిజం. అమెరికాలో ఒకాయన వాడిన ఆటోకాడ్ కాపీలని తిరిగి అమ్ముకోబోతే గొడవై, 2010లో అప్పీల్సు కోర్టు అది అమ్మకం కాదు, లైసెన్సు అనే తేల్చింది. కానీ బాబాయి అడిగింది సాఫ్టువేరు గురించి కాదు, తన గీత గురించి. చివరికి ఏమైందంటారా? కస్టమరు దగ్గరున్న పాత ఫిక్స్చరుని తెప్పించి, వర్నియరుతో కొలిచి, మళ్ళీ మొదట్నుంచి గీశారు. తన చేత్తో గీసినదాన్ని తనే దొంగచాటుగా కాపీ కొట్టినట్టు. మూడు రోజులు పట్టింది.

ఇదేదో బాలానగర్ బీదతనం అనుకునేరు. 2016లో ఆటోడెస్క్ తన ముఖ్యమైన సాఫ్టువేర్లకి శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసి పూర్తిగా చందా పద్ధతికి మారింది. 2020లో జహా హదీద్ ఆర్కిటెక్ట్స్, గ్రిమ్‌షా లాంటి పేరుమోసిన ఆర్కిటెక్టు సంస్థలు ఆటోడెస్క్‌కి బహిరంగ లేఖ రాశాయి. రెవిట్‌కి కట్టే డబ్బు పెరుగుతూ పోతోంది, సాఫ్టువేరు మాత్రం అక్కడే ఉంది అన్నది దాని సారం. అంత పెద్దవాళ్ళు లేఖ రాశారే తప్ప మూటాముల్లె సర్దుకుని పోలేదని గమనించండి. ఏళ్ళ తరబడి గీసిన భవనాలన్నీ ఆ ఫైళ్ళలోనే ఉంటే ఎక్కడికని పోతారు?

ఇక్కడ ఒకరు అడ్డుపడతారు: "ఏంటండీ మీ గోల, కంపెనీలు డబ్బులు తీసుకోవద్దంటారా?" తీసుకోవాలి. నేనూ సాఫ్టువేరు రాసే జీతం తింటున్నాను. రెండు వంకర తలాలు ఎక్కడ కలుస్తాయో తప్పు లేకుండా కనుక్కునే కోడు రాయడానికి దశాబ్దాలు పట్టింది, పారాసాలిడ్ లాంటిది రేపు పొద్దున రాసిపడేసేది కాదు. చందా పద్ధతిలో కూడా చిన్నవాడికి కొంత సుఖం ఉంది, మొదట్లో ఒకేసారి లక్షలు పెట్టక్కర్లేదు. పనిముట్టుకి అద్దె అడగండి, న్యాయమే. నేను కాదంటున్నది పనిముట్టుతో చేసిన వస్తువుకి కూడా అద్దె అడగడం. వడ్రంగి దగ్గర రంపం అద్దెకి తీసుకుని మంచం చేసుకున్నాం. రంపం తిరిగిచ్చేస్తే మంచం మీద పడుకోకూడదంటే ఎలా?

"తాళం లేకపోతే వ్యాపారం ఎలా నిలబడుతుంది" అనేవాళ్ళకి ఎలక్ట్రానిక్స్ వైపు ఒక మంచి ఉదాహరణ ఉంది. సర్క్యూట్ బోర్డులు గీసే ఈగిల్ అనే జర్మను సాఫ్టువేరుంది, హాబీ చేసేవాళ్ళందరికీ ప్రాణం. 2016లో ఆటోడెస్క్ దాన్ని కొనేసింది, తర్వాత చందాకి మార్చింది. 2026 జూన్‌తో ఆపేస్తామని 2023లో ప్రకటించింది. మరి ఈగిల్లో గీసుకున్న లెక్కలేనన్ని బోర్డుల గతి? ఇక్కడ మాత్రం అదృష్టం బాగుంది. అమ్మకానికి చాలా ముందే, ఆరో వెర్షను నుంచీ ఈగిల్ ఫైళ్ళు ఎక్స్ఎంఎల్‌లో ఉండేవి. మామూలు టెక్స్ట్ ఎడిటర్లో తెరిచి చదువుకోవచ్చు. అందుకే కైక్యాడ్ వాళ్ళు వాటిని తీసుకునే దారి వేయగలిగారు. కైక్యాడ్ 1992లో ఫ్రాన్సులో ఝాన్-పియర్ షారా అనే ఆయన మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్టువేరు. 2013 నుంచి సెర్న్ (అవును, ఆ కణాలు ఢీకొట్టే సెర్నే) దానికి ప్రోగ్రామర్లనిచ్చి, చేయూతనిచ్చింది. కైక్యాడ్ ఫైళ్ళు కూడా టెక్స్టే. గిట్‌లో పెట్టి ఏ గీత ఎప్పుడు మారిందో డిఫ్ తీసి చూసుకోవచ్చు. ఈగిల్ ఏమైనా, దాంతో గీసినవాళ్ళ గీతలు బతికాయి. ఎవరి దయాదాక్షిణ్యాల వల్లా కాదు, ఎప్పుడో ఎవరో ఫార్మాట్ తెరిచి పెట్టడం వల్ల.

మెకానికల్ వైపు ఆ స్థాయి ఇంకా రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఫ్రీక్యాడ్ 2002లో మొదలైంది, 1.0 వెర్షను వచ్చింది 2024 నవంబరులో. ఇరవై రెండేళ్ళు! నవ్వొచ్చేమాటే గానీ కారణం తెలిస్తే నవ్వురాదు. దాన్ని వెనక్కి లాగిన పెద్ద చిక్కు ఒకటుంది. మోడల్లో ముఖాలకి ఫేస్ 1, ఫేస్ 2 అని లోపల పేర్లుంటాయి. మీరు ఆరో ముఖం మీద ఒక బెజ్జం పెట్టారు. తర్వాత వెనక్కెళ్ళి కింది ఆకారం కాస్త మారిస్తే ముఖాల నంబర్లు మారిపోతాయి. ఇప్పుడు ఆరో నంబరు వేరే ముఖానిది, మీ బెజ్జం వెళ్ళి అక్కడ పడుతుంది. అర్రే మధ్యలో ఒక ఎలిమెంటు ఇరికిస్తే పాత ఇండెక్సులన్నీ తప్పిపోయినట్టన్నమాట. వాణిజ్య సాఫ్టువేర్లు దీన్ని ఏనాడో దాటాయి. ఫ్రీక్యాడ్ 1.0తో చాలావరకు దాటింది. వేల భాగాలున్న అసెంబ్లీకి నేను ఇప్పటికీ దాన్ని సిఫారసు చేయను. బాబాయి చేసే ఫిక్స్చర్లకి మాత్రం నిక్షేపంగా సరిపోతుంది. దాని ఫైలు అసలు ఒక జిప్ ఫైలు, విప్పితే లోపల ఎక్స్ఎంఎల్, ఆకారాలు విడివిడిగా కనిపిస్తాయి. ఫ్రీక్యాడ్ కింద ఉన్న కెర్నెల్ ఓపెన్ క్యాస్కేడ్. మాత్రా డేటావిజన్ అనే ఫ్రెంచి కంపెనీ 1999లో దాన్ని సోర్సుతో సహా బయటపెట్టబట్టే ఇదంతా సాధ్యమైంది.

స్వేచ్ఛా సాఫ్టువేరు వాళ్ళందరూ శుద్ధపూసలని కూడా అనను. డీడబ్ల్యూజీ చదవడానికి గ్నూ వాళ్ళు లిబ్రేడీడబ్ల్యూజీ అనే లైబ్రరీ రాశారు. దాని లైసెన్సు జీపీఎల్ మూడో వెర్షను. లిబ్రేక్యాడ్‌ది జీపీఎల్ రెండు. రెండూ ఒకదానితో ఒకటి కుదరవు. ఆ లైబ్రరీ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే వాడుకోలేకపోయారు. తాళం వేయడానికి లాభాపేక్షే ఉండక్కర్లేదు, పట్టుదల చాలు.

ఇంకో అభ్యంతరం మన హైదరాబాదు నుంచే వస్తుంది: "ఫార్మాట్లు కలవకపోబట్టే కదా మనకి పని దొరుకుతోంది?" ఇందులో నిజం లేకపోలేదు. 1991లో బీవీఆర్ మోహన్‌రెడ్డిగారు పెట్టిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ (2014 నుంచి సైయెంట్) తొలిరోజుల్లో పేరు తెచ్చుకుంది మ్యాపులని డిజిటల్లోకి మార్చే పనితోనే. ఆ తర్వాత అది విమానాల ఇంజిన్ల డిజైనుదాకా వెళ్ళింది. కాగితం మీది గీతని కంప్యూటరులోకి తేవడం అవసరమైన పని, గౌరవంగా చేశారు. కానీ ఒక కంప్యూటరులో ఉన్న గీతని అలాంటి ఇంకో కంప్యూటరులో మళ్ళీ గీయడం ఇంజినీరింగు కాదు, గోతిని తవ్వి మళ్ళీ పూడ్చడం. దాంతో జీతాలు రావచ్చు. బీటెక్ చదివిన పిల్లాడు నాలుగేళ్ళు ఆ పనే చేస్తే మాత్రం డిజైనరు కాడు.

ఇంకాస్త దూరం ఆలోచించండి. నాగార్జునసాగర్‌కి 1955లో శంకుస్థాపన జరిగింది. ఆ డ్యాము గీతలన్నీ కాగితం మీదే. భద్రంగా దాచిన షీటుంటే ఈరోజు విప్పి బల్ల మీద పరుచుకుని చదవొచ్చు, దానికి కళ్ళుంటే చాలు, ఏ వెర్షనూ అక్కర్లేదు. ఇప్పుడు కడుతున్న వంతెనలు, మెట్రో లైన్లు, పంపుహౌసులు కూడా వందేళ్ళు నిలబడాలనే కడుతున్నాం. వాటి మోడళ్ళు ఉన్న ఫైళ్ళు ఎన్నాళ్ళు తెరుచుకుంటాయి? పగులు కనబడ్డ రోజున లోపల ఇనుము ఎక్కడెక్కడ ఉందో చూడాల్సిన ఇంజినీరు, ఇరవయ్యేళ్ళ కిందటి వెర్షను కోసం వెతుక్కోవాలా? విమానాల పరిశ్రమ ఈ భయంతోనే లోటార్ అనే పేరుతో డిజైను ఫైళ్ళని దీర్ఘకాలం దాచే ప్రమాణాలు రాసుకుంది. ప్రజల డబ్బుతో కట్టే పనులకి మనం అడగాల్సింది కనీసం అంత.

సరే, ఏం చేయాలి? విప్లవాలు అక్కర్లేదు. కొనేవాడు డెమో చూసి మైమరచిపోయే ముందు మూడు ప్రశ్నలు అడగాలి.

ఒకటి, డబ్బు కట్టడం ఆపేసిన మర్నాడు నా పాత ఫైళ్ళతో నేనేం చేయగలను? చూడగలనా, మార్చగలనా? నోటిమాట కాదు, కాగితం మీద.

రెండు, ఈ ఫైలుని మీ సాఫ్టువేరు కాకుండా ఇంకేది చదవగలదు? వెనకటి వెర్షను చదవగలదా? (సాలిడ్‌వర్క్స్ 2024లో రెండు వెర్షన్లు వెనక్కి సేవ్ చేసే వీలొచ్చింది, అదీ చందా బతికుంటేనే. 1995లో వచ్చిన సాఫ్టువేరుకి ఆ చిన్న సౌకర్యం రావడానికి పట్టిన కాలం చూడండి.)

మూడు, నా ఫైళ్ళన్నిటినీ ఒక్కసారిగా స్టెప్‌లోకి, డీఎక్స్ఎఫ్‌లోకి, పీడీఎఫ్‌లోకి మార్చి బయట పెట్టుకునే స్క్రిప్టు రాసుకోవచ్చా? ఇది అమ్మేవాడికి నచ్చని ప్రశ్న. జవాబు చెప్పేటప్పుడు అతని మొహం చూడండి, సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

కాలేజీలు ఇంకో పని చేయొచ్చు. కంపెనీలు విద్యార్థులకి సాఫ్టువేరు ఉచితంగా ఇస్తాయి. దాతృత్వం కొంత ఉండొచ్చు, అలవాటు చేయడం మాత్రం ఖాయంగా ఉంది. తీసుకోండి, తప్పులేదు. దాని పక్కనే ఫ్రీక్యాడ్ ఒక సెమిస్టరు పెట్టండి. ఒకే భాగాన్ని రెండిట్లో గీసి, స్టెప్ ద్వారా అటూ ఇటూ పంపి, దారిలో ఏం పోయిందో రాసుకురమ్మనండి. ఆ ఒక్క ల్యాబుతో నేను నాలుగేళ్ళలో వినని ప్రశ్న పిల్లలకి తెలిసొస్తుంది.

ఇహ మన సంగతి. మెకానికల్ చదివి కోడు రాస్తున్నవాళ్ళం మనం వేలల్లో ఉన్నాం. ఫిల్లెట్ అంటే ఏమిటో తెలుసు, పాయింటరు అంటే ఏమిటో తెలుసు. ఈ రెండూ తెలిసినవాళ్ళు ప్రపంచంలో చాలా తక్కువ. ఫ్రీక్యాడ్ రాసేది సీ ప్లస్ ప్లస్, పైథాన్లలోనే. కైక్యాడ్ కూడా ప్రధానంగా సీ ప్లస్ ప్లస్సే. పెద్దపెద్ద పనులు అక్కర్లేదు. ఒక పాత ఫార్మాట్ సరిగా చదవకపోతే ఆ బగ్గు రాయండి, చేతనైతే సరిచేయండి. తెలుగులో మెనూలు అనువదించండి. "మెకానికల్ చదివి ఏం లాభం, ఐటీలో పడ్డాం" అని పార్టీల్లో వాపోయేవాళ్ళకి చదువుకున్నది పనికొచ్చే చోటు ఇది.

బాబాయి ఇప్పుడు ఏ పని పూర్తయినా స్టెప్ ఫైలు, కొలతలు వేసిన పీడీఎఫ్ తీయించి విడిగా ఒక డిస్కులో పెట్టిస్తున్నాడు. త్రీడీ సాఫ్టువేరు చందా మళ్ళీ కడుతున్నాడు, పెద్ద కస్టమర్లు ఆ ఫైలే అడుగుతారు కాబట్టి. కొత్తగా చేసే చిన్న ఫిక్స్చర్లు మాత్రం ఫ్రీక్యాడ్‌లో గీయిస్తున్నాడు. దాన్ని తిట్టని రోజు లేదు. బటన్లు ఎక్కడున్నాయో తెలీదంటాడు, నెమ్మది అంటాడు. అయినా మానలేదు.